మేం జుట్టు పెట్టిన మేయర్లు

అమెరికాని ఏలినవాళ్ళని ఇరవై చిల్లర మందిని నా ముందు కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తు, కదలకు అని గదమాయించినవాణ్ణి నేను. వాళ్ళలో కొందరికి జుట్టు మొలిపించాను. ఒకాయనకి ఊడిపోయిన పన్ను కట్టాను. ఒక దొంగని పట్టుకుని ఋషిని చేశాను.

ఇలా మొదలుపెడితేనే మీ కుర్రాళ్ళు రెండో పేరా దాకా వస్తారని రాశాను. వచ్చారు గనక కిందికి దిగుతాను. వాళ్ళు ఏలింది అమెరికాని కాదు, అమెరికాలో ఒక చిన్న ఊరిని. మన రంగూన్ తాకేటా పేటలో నాలుగు వీధులు కలిపితే ఆ ఊరంత ఉంటుందేమో. ఏలినవాళ్ళు ఆ ఊరి మేయర్లు. నా ముందు కూర్చున్నది వాళ్ళు కాదు, వాళ్ళ ఫోటోలు. జుట్టు, పన్ను, దొంగ మాత్రం నిజం. నేను పటాల్లో మొగం పని మానేసింది కూడా ఆ మేయర్ల వల్లే. ఉద్యోగంలో మరిచిపోలేని సంగతి ఒకటి రాయమని మన చర్చి పత్రికవాళ్ళు అడిగారు కదా, అదే రాస్తున్నాను.

మా పటాల కొట్టు తామ్వేలో, బజారు వెనక సందులో. యజమాని తాతగారు గంజాం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ముందు కొబ్బరికాయలు అమ్మాడు, తర్వాత దేవుడి పటాలు అమ్మాడు, ఆపైన మనుషుల పటాలు వేయించడం మొదలుపెట్టాడు. నేను పనిలో చేరేటప్పటికి ఆయన కొడుకు నడిపేవాడు. అందరూ ఆయన్ని పెద్దసయా అనేవాళ్ళు, పెద్ద గురువుగారని. ఇప్పుడు నడిపేది ఆయన కొడుకు. వాడు లాగు జారిపోతుంటే పట్టుకుని తిరిగిన రోజులు నాకు తెలుసు కాబట్టి నేను అబ్బాయీ అంటాను, వాడు నన్ను బాబాయ్ అంటాడు. వాళ్ళు గుడికి, మేము చర్చికి. మరి వరస ఎలా కలిసిందంటే, రంగూన్‌లో ఎదుటివాడి నోట ‘ఏటి’ అన్న మాట వినబడితే చాలు, మనకి వరస కలిసిపోతుంది.

పటం పని మూడు చేతుల మీదుగా నడిచేది. వెనక పని, అంటే తెరలు, మబ్బులు, పూలకుండీలు, అబ్బాయిది. బట్టల పని ఒక బర్మా ఆవిడది. మొగం పని నాది. మొగం పని చేసేవాడే కొట్టులో దొర. కిటికీ పక్క స్టూలు వాడిదే. వాడు లేస్తేగాని ఇంకొకరు దాని మీద కూర్చోకూడదు, వాడు చచ్చేదాకానో మానేసేదాకానో ఇంకొకరు మొగం ముట్టుకోకూడదు. ఈ నియమం పెద్దసయా పెట్టాడని నేను అందరికీ చెప్పేవాణ్ణి. పెట్టింది నేనే.

మా దగ్గరికి వచ్చేవన్నీ పోయినవాళ్ళ ఫోటోలు. బొటనవేలంత కార్డు ఫోటో ఒకటి పట్టుకొచ్చి, కొట్టులో పటాలన్నీ తడిమి చూసి, ‘మా నాన్న సయా, గోడకి పట్టేంత చెయ్యండి’ అనేవారు. ఉన్నదున్నట్టు వేసి ఇస్తే గొడవే. మనిషి బతికున్నప్పుడు లేనివి పటంలో ఇవ్వాలి. పెద్దసయా మాకు నేర్పిన చదువంతా అదే. మెల్లకన్ను పోవాలి. మచ్చలు మాయం కావాలి. బట్టతలకి నాలుగు వెంట్రుకలైనా రావాలి. మన బాప్టిస్టు ఇళ్ళయితే కోటు, టై, చేతిలో బైబిలు. హిందువులయితే పట్టు కండువా, నామం. బర్మావాళ్ళకి తలపాగా. ఇక ఆడమనిషి చెవులు బోసిగా ఉండకూడదు, మెడ బోసిగా ఉండకూడదు, కొప్పులో పువ్వు ఉండి తీరాలి. మా చర్చిలోనే ఒక కుటుంబం ఉంది. వాళ్ళ తాత రైలు పెట్టెలు కడిగేవాడు. మేం కోటూ, గొలుసు గడియారం వేసి ఇచ్చాం. ఇప్పుడు మనవలు ఆయన స్టేషన్ మాస్టరని చెప్పుకుంటున్నారు. ఒకరోజు నాతోనే చెప్పారు. అవును, చాలా కఠినమైన మాస్టరు అన్నాను. ఏం చెయ్యమంటారు, కోటు వేసింది మేమే కదా.

అలా సాగిపోయేది. తర్వాత ప్రింటు మిషన్లు వచ్చాయి. ఎవడో కుర్రాడు అవతల పేట సంచౌంగ్‌లో కూర్చుని, మీటలు నొక్కి, మన తాతని ఒక పూటలో కోటులోకి దించేసి గుడ్డ మీద అచ్చు కొట్టి ఇచ్చేస్తున్నాడు. మా కొట్టుకి మనుషులు రావడం తగ్గింది. ఇదిగో అప్పుడు వచ్చింది ఈ అమెరికా బేరం. అక్కడెక్కడో చిన్న ఊరు కొత్త టౌన్‌హాలు కట్టుకుంది. మొదటి మేయరు నుంచి ఇప్పటి దాకా అందరి పటాలూ నూనె రంగుల్లో, చేత్తో వేసినవి, గోడకి వరసగా పెట్టుకోవాలని వాళ్ళ కోరిక. బేంకాక్‌లో ఒక ఏజెంటు ఆ పని పట్టుకుని మా అబ్బాయి మీద పడేశాడు.

అబ్బాయి ఆ రోజు నన్ను బయటికి తీసుకెళ్ళి టీ పోయించాడు. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

“బాబాయ్, ఇది నెగ్గితే ఆ ఏజెంటు ఇంకా ఊళ్ళు పంపిస్తానన్నాడు. మనం కుంచెలతోటే ఉంటాం. నెగ్గలేదనుకో, నీ స్టూలున్న చోట ప్రింటు మిషను పెట్టేస్తాను. తరవాత సెప్పలేదనకు.”

“పెట్టుకో. నాకేటిరా, మా ఆవిడ ఎప్పట్నించో కొట్టు మానీ మానీ అంటోంది. మరి ఆ పిల్ల సంగతేటి?”

వాడు టీలోకి చూశాడు. “ప్రింటుకి బట్టల పనేటుంటాది బాబాయ్?”

ఆ పిల్ల అంటే బట్టల పని ఆవిడ. నలభై దాటిన మనిషిని పిల్ల అనడం నా అలవాటు. మా దగ్గరికి రాకముందు నది అవతల గార్మెంటు ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. నీళ్ళు తాగాలన్నా, లేచి నిలబడాలన్నా మేస్త్రీని అడగాలట. దగ్గు పట్టుకుంది, మెడ పట్టేసింది. మంచం మీద తల్లి ఉంది. మా కొట్టు పోతే ఆమెకి మళ్ళీ ఆ కాలర్లే. ‘ఊలే, నేను ఆ గేటులోకి మాత్రం మళ్ళీ వెళ్ళను’ అని నాతో ఒకసారి అంది. ఊలే అంటే బాబాయ్ అనే. అలా అన్నది గాని, వెళ్ళకపోతే ఏం తింటుందో నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.

ఫోటోలు వచ్చాయి. ఒక్కొక్కదాని కింద ఏజెంటు బర్మాలో రెండేసి ముక్కలు రాశాడు: గెలిచాడు, మళ్ళీ గెలిచాడు, ఓడిపోయాడు, రాజీనామా. అబ్బాయి ఫోను పట్టుకుని చదువుతూ ఆగిపోయాడు.

“బాబాయ్, ఓడిపోయినోడికి కూడా పటమేటి?”

“అంతకుముందు గెలిసాడు కదరా.”

“అయితే మాత్రం? ఓడిపోయినోడిని ఎవడైనా గోడకి పెడతాడా? ఎర్రోళ్ళు కాకపోతే. ఓడిపోయాక ఏటయ్యాడు?”

“ఇంటికెల్లుంటాడు.”

“ఊరికే ఎల్లిపోయాడా?”

మేం తెలుగులో వాదించుకుంటుంటే బట్టల పని ఆవిడ ఏమిటని అడిగింది. బర్మాలో చెప్పాను. ఆమె కుంచె ఆపి, మెల్లగా అడిగింది: “ఎవరూ వచ్చి తీసుకెళ్ళకుండానే?”

“ఎవరూ తీసుకెళ్ళలేదు. తనే నడుచుకుంటూ వెళ్ళాడు.”

ఆమె ఆ ఫోటోని చాలాసేపు చూసింది. తర్వాత ఆ మేయరు కోటుకి బంగారు బొత్తాలు పెట్టింది. మిగతా వాళ్ళందరికీ నల్లవే.

ఇక మా పనితనం చెప్తాను. ఒక ఫోటోలో మేయరు తెల్ల ఆప్రాన్ కట్టుకుని, చొక్కా చేతులు మడిచి నిలబడ్డాడు. పాపం, ఫోటో తీసే రోజు కోటు దొరకలేదు కాబోలని జాలిపడి, ఆమె జడ్జీగారి కోటు లాంటిది వేసింది. ఇంకొకాయనది నున్నటి గుండు. నేను దానిమీద ఒత్తైన జుట్టు దువ్వి, పక్కపాపిడి తీశాను. ఒకాయన నవ్వితే ముందు పన్ను లేదు, పెట్టాను. ఒకాయన ఒక కన్ను సగం మూసి, మూతి ఒక పక్కకి జరిపి, మనల్ని చూసి లోపల్లోపల నవ్వుకుంటున్నట్టు ఉన్నాడు. ఫోటో తీసేటప్పుడు ఈగ వాలిందనుకున్నాను. కన్ను తెరిపించాను, మూతి సరిచేశాను, చూపు కాస్త ఆకాశంలోకి పెట్టాను. నా జీవితంలో అంత పవిత్రమైన మొహం మళ్ళీ వెయ్యలేదు. మొత్తం వరసలో ఒకే ఒక ఆడమనిషి. పొట్టి జుట్టు, మందపాటి కళ్ళద్దాలు, బోసి చెవులు, బోసి మెడ. మాకు కడుపు తరుక్కుపోయింది. చెవులకి రవ్వల దుద్దులు, మెడలో రెండు వరసల గొలుసు, చెవి వెనక మల్లెపూలు పెట్టాం. కళ్ళద్దాలు తీసేశాం. బుగ్గలు మరీ పాలిపోయి ఉన్నాయని ఇక్కడి ఆడవాళ్ళు చెక్క అరగదీసి పూసుకునే తనకా రాసుకున్నట్టు కొంచెం పసుపు మెరుపు కూడా ఇచ్చాను.

ఒకాయనకి మాత్రం సరైన ఫోటోయే లేదు. గుంపులో వెనక నుంచి తీసినది, టోపీ మాత్రం కనిపిస్తోంది. ఆయనకి పెద్దసయా మొహం వేసేశాను. రంగు కొంచెం తెల్లబరిచి, కళ్ళు నీలం చేశాను గాని ఆ ముక్కు ఎక్కడికి పోతుంది, గంజాం ముక్కు. అబ్బాయి చూసి గుర్తుపట్టాడు. తండ్రి ఇక్కడ వార్డు మెంబరు కూడా కాలేదు, అమెరికాలో మేయరయ్యాడు. వాడు వెనక పూలకుండీ ఒకటి అదనంగా వేశాడు.

వానాకాలం. రంగులు ఆరవు. కరెంటు ఉన్నప్పుడు ఫ్యాను కింద, లేనప్పుడు విసనకర్రతో మేయర్లకి విసిరాం. ఎట్టకేలకి అన్నీ ఆరాయి. పంపే ముందు ఒకసారి చూపించాలని ఏజెంటు ఫోన్లో ముఖాముఖి ఏర్పాటు చేశాడు. వాళ్ళకి సాయంత్రం, మనకి పొద్దున్నే మొహింగా, ఆ చేపల పులుసు సేమ్యా, తినే వేళ.

మాట్లాడే భారం నామీద పడింది. నా ఇంగ్లీషు దొరల ఇంగ్లీషు. అంటే ఆదివారం బడిలో పాస్టరుగారు నేర్పిన బైబిలు ఇంగ్లీషు. సిగ్నలు కోసం అబ్బాయి బల్లెక్కి ఫోను పట్టుకున్నాడు. బట్టల పని ఆవిడ ఒక్కొక్క పటం తెచ్చి కిటికీ వెలుగులో నిలబెట్టాలి. ఫోన్లో ఒక ముసలమ్మ కనిపించింది. తెల్లటి జుట్టు, ముక్కు మీద చిన్న కళ్ళద్దాలు, దుప్పటి కప్పుకుని కూర్చుంది. పటాల సంఘానికి పెద్దట. నేను గొంతు సవరించుకుని, “ఇదిగో, చూడుడి! మీ మొదటి మేయరు” అన్నాను. ఆవిడ సంతోషంతో చప్పట్లు కొట్టింది. నేను అబ్బాయి వైపు కన్ను గీటాను.

రెండోది బాగుందంది. మూడో పటం దగ్గర ఫోనుకి దగ్గరగా వచ్చింది.

“ఈ కోటాయన ఎవరు?”

“మీ మేయరేనమ్మా. ఫోటోలో ఆప్రాన్ కట్టుకున్నాయన.”

“ఆయన మంగలి. ఊరి పనులన్నీ ఆయన కొట్టులోనే జరిగేవి. ఎవరైనా పన్ను తగ్గించమని వస్తే కూర్చోబెట్టి, సబ్బు రాసి, గొంతు మీద కత్తి పెట్టి ‘ఇప్పుడు మళ్ళీ చెప్పు, నీ ఆదాయం ఎంత’ అనేవాడు. చచ్చేదాకా కోటు కొనలేదు ఆ మనిషి. మీరు ఎక్కడ్నించి తెచ్చారు?”

అబ్బాయి పైనుంచి “ఏటంటాది?” అన్నాడు. “కోటు బాగుందంటాది” అన్నాను.

గుండాయన వచ్చాడు. “ఆ జుట్టు ఎవరిది?” అంది ఆవిడ. ఆయన ఎన్నికల సభల్లో టోపీ తీసి, గుండు చూపించి, ‘నా దగ్గర దాచడానికి ఏమీ లేదు’ అనేవాడట. గెలిచినప్పుడల్లా పిల్లలు ఆ గుండు నిమిరి వెళ్ళేవారట. తర్వాత నేను పెట్టిన పన్ను. అది ఊరి బంతాటలో పోయిందట. బంతి పంటికి తగిలినా చేతిలోంచి వదల్లేదని రెండుసార్లు గెలిపించారట. ఒక్కొక్క పటానికీ ఆవిడ ఒక్కొక్క కథ చెబుతోంది, ఒక్కొక్క కథా నేను చెరిపేసిన చోటే ఉంది.

పెద్దసయా వంతు వచ్చింది.

“అరె, ఈయన ఫోటో ఎవరి దగ్గరా లేదే! మీకెలా దొరికింది?”

“మా పరిశోధనలో తేలిందమ్మా” అన్నాను.

“ఏం పరిశోధన?”

ఆవిడ మొహంలో ఆశ చూసి నాకు అబద్ధానికి నోరు రాలేదు. “అది మా పాత యజమాని మొహమమ్మా” అన్నాను. ఆవిడ దగ్గొచ్చేదాకా నవ్వింది. “నిజాయితీపరుడేనా?” అని అడిగింది. “డబ్బు లెక్కల్లో కాదు గాని, పటాల్లో అవును” అన్నాను. “ఒక చలికాలమైనా పదవిలో లేడు పాపం ఆ మేయరు, ముక్కు ఎలా ఉండేదో చూసినవాళ్ళే లేరు. ఉండనీ” అంది. అబ్బాయికి ఇంగ్లీషు రాదు గాని ఆ నవ్వు అర్థమైంది. ప్రాణం లేచొచ్చినట్టు బల్ల మీద కాలు మార్చుకున్నాడు.

అప్పుడు ఋషి వచ్చాడు.

ఆవిడ దుప్పటి తీసేసి ముందుకి వంగింది. “ఇతన్ని ఏం చేశారు మీరు?”

“ఈగ వాలిందేమోనని, కన్ను...”

“ఈగ కాదు. వాడి కన్నే అంత. బడి పైకప్పుకి ఊరంతా దాచుకున్న సొమ్ము తిని, వాన కారుతున్న గదిలో పిల్లల ముందు నిలబడి ఇలాగే నవ్వాడు. మా దొంగని మీరు దేవుణ్ణి చేశారు!”

నేను నా బైబిలు ఇంగ్లీషంతా కూడదీసుకుని అడిగాను: “అమ్మా, దొంగయితే గోడకెక్కించడం దేనికి? వదిలెయ్యొచ్చు కదా?”

“మా సంఘంలోనూ అదే అన్నారు. నేనే ఒప్పుకోలేదు. వాణ్ణి మాకెవరూ పైనుంచి పంపలేదు, మేమే ఎన్నుకున్నాం. గోడ మీద ఉండాలి. కానీ ఈ మొహంతో కాదు.” దుప్పటి మళ్ళీ మీదికి లాక్కుని, “పైగా వాడు ఓడించింది నన్ను” అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుంది. “సరే, నేనెక్కడ?”

“అమ్మా?”

“వాడి ముందు మేయర్ని నేను. నా పటం చూపించు.”

పోయినవాళ్ళ పటాలు తప్ప ఎరగని కొట్టు మాది. ఈ వరసలో బతికున్నవాళ్ళు ఉంటారని మాలో ఒక్కరికీ తోచలేదు. బట్టల పని ఆవిడ పటం పట్టుకుని అటూ ఇటూ చూసింది, కాని ఆ కొట్టులో దాన్ని దాచే చోటు ఎక్కడుంది? కిటికీలో పెట్టింది. రవ్వల దుద్దులు, రెండు వరసల గొలుసు, మల్లెపూలు, పసుపు బుగ్గలు.

ఫోన్లో ముసలమ్మ పటం వైపు వంగింది. చెవి తడుముకుంది. ఆ చెవికి కన్నమే లేదు.

“మా ఆయన చూస్తే మళ్ళీ పెళ్ళాడేవాడు” అంది చివరికి. నవ్వింది గాని, ఇందాకటి నవ్వు కాదు. “వీళ్ళంతా చాలా అందంగా ఉన్నారు. కానీ వీళ్ళు మావాళ్ళు కారు. ఇవి నేను గోడకి పెట్టలేను.”

ఇంగ్లీషు రాకపోయినా బట్టల పని ఆవిడకి ఇది అర్థమైంది. పటం గోడకి ఆనించి, చేతులు తుడుచుకుని, పక్కకెళ్ళి నిలబడింది. ఆ నిలబడడం ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడినట్టే ఉంది. నేను ఫోను లాక్కుని, “అమ్మా, ఇంకొక్కసారి మాకు తాళుడి” అని బతిమాలాను. టౌన్‌హాలు తెరిచేలోపు సరిచేస్తే చూస్తానంది ఆవిడ.

ఇక్కడ నేను, నా యాభై ఏళ్ళ అనుభవంతో, ప్రతి మొహాన్నీ మళ్ళీ సత్యంలోకి నడిపించాను అని రాస్తే బాగుంటుంది. రాయాలనే ఉంది. జరిగింది మాత్రం వేరు. గుండాయన జుట్టు గోకేసి, గుండు వేశాను. సాయంత్రానికి చెవుల పక్కన కొంచెం వేశాను, మరీ బోసిగా ఉందని. మర్నాటికి నుదుటి మీదికి వచ్చింది. అబ్బాయి చూసి తల పట్టుకున్నాడు.

“బాబాయ్, ఇదేటి, మళ్ళీ మొలిసింది?”

“వెలుగు పడి అలా కనిపిస్తాందిరా.”

“వెలుగుకి పాపిడి ఉంటాదేటి?”

పన్ను తీశాను, పెదవి ముందుకొచ్చి కప్పేసింది. ఋషి కన్ను మూశాను, ధ్యానంలో ఉన్నట్టు ఇంకా పవిత్రంగా తయారయ్యాడు. నేను చెయ్యాలనుకుని చేస్తున్నది కాదు. యాభై ఏళ్ళుగా మనుషుల లోటు తీర్చిన చెయ్యి, లోటు పెట్టమంటే వినడం లేదు. బట్టల పని ఆవిడ మంగలాయన కోటు గోకేసి ఆప్రాన్ ఎప్పుడో వేసేసింది. పని లేక నా వెనక నిలబడి చూస్తోంది.

“ఊలే, ఆ కన్ను అలా మూసుకోదు. పై రెప్ప కాదు, కింద రెప్ప లేవాలి.”

“నాకు తెలుసు.”

“మూతి కూడా అంత కాదు. కొంచెమే. తను నవ్వుతున్నట్టు మనకి తెలియాలి, కానీ నవ్వావని పట్టుకుంటే కాదనగలగాలి.”

“అంత తెలిస్తే నువ్వే వెయ్యి!” అని కుంచె బల్ల మీద కొట్టి స్టూలు మీంచి లేచాను. నా స్టూలు నేను ఉదారంగా ఇచ్చేశానని తర్వాత చాలామందికి చెప్పాను. చర్చిలో కూడా చెప్పాను. కోపంతో లేచాను, అంతే. వద్దు ఊలే, తప్పు ఊలే అంటుందనుకున్నాను. ఆమె కూర్చుంది.

కూర్చుని, ఫోటో వైపు కూడా చూడకుండా మొదలుపెట్టింది. “ఇలాంటి కళ్ళు నాకు తెలుసు” అంది. “నీళ్ళకి వెళ్ళొస్తానంటే మా మేస్త్రీ ఇలాగే చూసేవాడు.”

నేను టీకి వెళ్ళిపోయాను. అలకతో రెండు టీలు తాగాను. తిరిగొచ్చి చూస్తే ఋషి పోయాడు. వాడి చోట ఒక మనిషి కూర్చుని, నా జేబులో ఏముందో తెలిసినట్టు నన్ను చూస్తున్నాడు. నేను తెలియకుండానే జేబు మీద చెయ్యి పెట్టుకున్నాను.

ఆ తర్వాత మిగతావన్నీ ఆమే వేసింది. గుండు నున్నగా వచ్చింది, మీద కిటికీ వెలుగు కూడా పడింది. పన్ను పోయింది. ముసలమ్మ పటంలో దుద్దులు, గొలుసు, పూలు తీసి, కళ్ళద్దాలు పెట్టింది. బోసి మెడ వేసేటప్పుడు మాత్రం ఒకసారి ఆగి, “నిజంగా ఇలాగేనా ఊలే?” అని అడిగింది. “ఆవిడకి ఇష్టమైతే మనకేటి?” అన్నాను. అన్నాను గాని తలతిప్పుకున్నాను. నేను ఆ రోజుల్లో పెన్సిళ్ళు చెక్కాను, కోట్లకి బొత్తాలు వేశాను. బొత్తాల్లో నేను బాగానే ఉంటాను. ఫరవాలేదనిపించేంత అని దిద్దుకోండి.

రెండోసారి ముఖాముఖి రోజు వాన దంచుతోంది. అబ్బాయి బల్లెక్కాడు. ఈసారి పటాలు నిలబెట్టే పని నాది, మాట్లాడే పనీ నాదే. ఆమె స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గోరు చుట్టూ ఉన్న రంగుని గీకుతూనే ఉంది.

మంగలాయనకి ముసలమ్మ నమస్కారం పెట్టినట్టు తలవంచింది. గుండుకి నవ్వింది. తన పటం చూసి, “ఈ ముసల్దాన్ని ఎవరు రానిచ్చారు?” అంది. అబ్బాయి నన్ను గిల్లి, “పాసేనా?” అన్నాడు. నాకే తెలియదు. ఆవిడ మంచిది, మంచివాళ్ళు బాలేకపోయినా బాగుందంటారు. తేలేది చివర ఉంచిన ఆ దొంగ పటం దగ్గరే. ఫోన్లో ఆవిడ కూడా దానికోసమే చూస్తున్నట్టుంది, చెయ్యి కుర్చీకి గట్టిగా పట్టుకుంది.

పటం తిప్పి కిటికీలో పెట్టాను.

ముసలమ్మ మొహం ఎర్రబడింది, మెడ మీద నరం లేచింది. తర్వాత ఆ పటానికి వేలు చూపించి ఒక మాట అంది. ఆ మాట ఇక్కడ రాయను, ఈ పత్రిక అచ్చుకి ముందు పాస్టరుగారు చదువుతారు. ఒక్క మాటతో ఆగలేదు, వాడి తల్లి దాకా వెళ్ళింది, ఎదురుగా వాడే వచ్చి నిలబడినట్టు.

బల్ల మీద అబ్బాయి ఫోనుని రెండు చేతులా పట్టుకున్నాడు. స్టూలు మీంచి ఆమె లేచి నిలబడింది.

“ఊలే, ఏమంటోంది? వద్దంటోందా?”

“తిడుతోంది” అన్నాను. “కూర్చో. ఆ స్టూలు ఇక నీదే.”